స్ట్రాటజీ ఆటలకు డెస్క్‌టాప్: ముందు ప్రాసెసర్, తర్వాతే గ్రాఫిక్స్ కార్డు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఎక్కువగా ఆడేది సివిలైజేషన్ 6, స్టెల్లారిస్, టోటల్ వార్: వార్‌హామర్ 3. వారానికోసారి స్నేహితులతో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2. కొత్త డెస్క్‌టాప్ కట్టించుకోవాలి. మీకు ఇచ్చిన కొటేషన్‌లో సగం డబ్బు గ్రాఫిక్స్ కార్డుకే పోతోంది, ప్రాసెసర్ మాత్రం కింది రకం. తీసుకోవచ్చా?

ఆ కొటేషన్ తీసుకోకండి. అది తుపాకీ ఆటలు ఆడేవాళ్ళ కోసం వేసిన లెక్క. మీరు ఆడేవాటిలో కంప్యూటర్‌కి శ్రమంతా వేరే చోట ఉంటుంది. ఆ శ్రమ ఎక్కడో తెలిస్తే ఏ భాగానికి ఎంత పెట్టాలో మీరే తేల్చుకోగలరు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

తుపాకీ ఆటలో కళ్ళముందు కనబడే దృశ్యాన్ని గీయడమే పెద్ద పని, అది గ్రాఫిక్స్ కార్డు చేస్తుంది. స్ట్రాటజీ ఆటలో తెరమీద కనబడని పనే ఎక్కువ. స్టెల్లారిస్‌లో 2200లో ఆట మొదలైనప్పుడు మీకు ఒక గ్రహం, నాలుగైదు ఓడలు. 2400 నాటికి వందల గ్రహాలు, వాటిమీద జనాభా, వాళ్ళ ఉద్యోగాలు, పదిహేను ఇరవై సామ్రాజ్యాల నౌకాదళాలు, ఒక్కో ఓడ వెళ్ళాల్సిన దారి. ఇదంతా ఆటలో ప్రతి రోజుకీ, ప్రతి నెలకీ మళ్ళీ లెక్కగట్టాలి. ఆ పని మొత్తం ప్రాసెసర్‌దే. గ్రాఫిక్స్ కార్డు దాదాపు ఖాళీగా కూర్చుని ఉంటుంది. మొదట్లో గబగబా పరుగెత్తిన తేదీ చివరికి వచ్చేసరికి నత్తనడక నడిచేది అందుకే. సివిలైజేషన్‌లో నెక్స్ట్ టర్న్ నొక్కి ఎదురు చూసే సమయం కూడా ఇదే బాపతు.

కాబట్టి మీరు కొనాల్సింది ఆట మొదటి గంటకి సరిపోయే యంత్రం కాదు, ముప్ఫయ్యో గంటని మోయగలిగే యంత్రం. యూట్యూబ్‌లో చూపించే ఫ్రేమ్ రేటు పోలికలు చాలావరకు మొదటి గంటవే.

ప్రాసెసర్‌లో చూడాల్సింది

మొదటిది, ఒక్క కోర్ (ప్రాసెసర్‌లో విడిగా లెక్కలు చేసే ఒక్కో భాగం) ఎంత వేగంగా పనిచేస్తుంది అన్నది. ఆట లెక్కల్లో చాలా భాగం ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటుంది. పక్క రాజ్యం సైన్యాన్ని కదిపితేగానీ మీ రాజ్యం మీద దాడి జరిగిందో లేదో తేలదు. ఇలాంటి వరుస పనిని పదహారు కోర్లకు పంచలేరు. పంచగలిగిన ముక్కల్ని పంచినా, పంచలేని ముక్క పూర్తయ్యేదాకా మిగతా కోర్లు కాచుక్కూర్చోవాల్సిందే.

అందుకే కోర్ల సంఖ్య చూసి మోసపోవడం ఇక్కడ తేలిక. పాత సర్వర్ల నుంచి తీసిన ఇంటెల్ ప్రాసెసర్ జియాన్ ఇ5-2680 వి4తో కట్టిన యంత్రాలు చవగ్గా దొరుకుతాయి. 14 కోర్లు అని గొప్పగా రాస్తారు. కానీ దాని గరిష్ఠ వేగం 3.3 గిగాహెర్ట్జ్, డిజైను కూడా పాతది. స్టెల్లారిస్ చివరి దశలో ఆరు కోర్ల ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 5 7600 దాన్ని చాలా దూరం వెనక్కి నెట్టేస్తుంది. గిగాహెర్ట్జ్‌లు కూడా ఒకే తరం ప్రాసెసర్ల మధ్య పోల్చడానికే పనికొస్తాయి. 2012లో వచ్చిన ఎఫ్‌ఎక్స్-8350 కూడా 4 గిగాహెర్ట్జ్‌దే, ఇప్పటి 4 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్‌తో దానికి పోలికే లేదు. ఒక్కో టిక్కులో (ప్రాసెసర్ లోపలి గడియారం కొట్టే ఒక్కో దెబ్బలో, గిగాహెర్ట్జ్ లెక్కపెట్టేది వాటినే) ఎంత పని జరుగుతుందన్నది తరం తరానికీ మారుతుంది. పోల్చాలంటే సినీబెంచ్ లాంటి పరీక్షల్లో సింగిల్ కోర్ స్కోరు చూడండి, మల్టీ కోర్ స్కోరు పక్కన పెట్టండి.

రెండోది ఎల్3 క్యాష్. ఇది ప్రాసెసర్‌లోనే ఉండే చిన్న, అతివేగమైన మెమరీ. ఆట లెక్కలకి కావాల్సిన సమాచారం క్యాష్‌లో దొరికితే సరి, లేకపోతే ర్యామ్ దాకా వెళ్ళి తెచ్చుకోవాలి. అలా వెళ్ళొచ్చేలోపు ప్రాసెసర్ వందల టిక్కులు వృథా చేస్తుంది. స్ట్రాటజీ ఆటల్లో వేల కొద్దీ చిన్న చిన్న వస్తువుల వివరాలు మెమరీలో చెల్లాచెదురుగా ఉంటాయి, అందుకే ఈ ఎదురుచూపు మరీ ఎక్కువ. ఏఎండీ ఎక్స్3డి రకాలకు పేరొచ్చింది ఇందుకే. మామూలు రైజెన్ 7 7700లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ అయితే, 7800ఎక్స్3డిలో 96 ఎంబీ. 2022 ఏప్రిల్‌లో వచ్చిన 5800ఎక్స్3డిలో కూడా 96 ఎంబీయే. 2024 నవంబరులో వచ్చిన 9800ఎక్స్3డిలో ఆ అదనపు క్యాష్‌ని కోర్ల పైన కాకుండా కింద పెట్టారు. దాంతో కోర్ల వేడి నేరుగా కూలర్‌కి చేరుతుంది, గరిష్ఠ వేగం కూడా 5.0 నుంచి 5.2 గిగాహెర్ట్జ్‌కి పెరిగింది.

అయితే ఈ లాభం అన్ని ఆటల్లో ఒకే మోతాదులో ఉండదు. ఫ్యాక్టరీలు కట్టే ఆట ఫ్యాక్టోరియోలో ఓ మోస్తరు ఫ్యాక్టరీకి తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే చురుగ్గా వాడే సమాచారం చాలావరకు క్యాష్‌లో ఇమిడిపోతుంది. ఫ్యాక్టరీ మరీ విపరీతంగా పెరిగి ఆ సమాచారం 96 ఎంబీ దాటేస్తే లాభం తగ్గుతూ వస్తుంది. అప్పుడు మళ్ళీ ర్యామ్ వేగమే దిక్కు.

రకం ఎంచుకునేటప్పుడు పేరు చివరి అక్షరాలు జాగ్రత్తగా చదవండి. ఈ ప్రశ్నలో డబ్బు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. రైజెన్ 5 5600, 5500, 5600జీ మూడూ ఆరు కోర్లవే, పేర్లు అన్నదమ్ముల్లా ఉంటాయి. కానీ 5600లో ఎల్3 క్యాష్ 32 ఎంబీ, మిగతా రెండింటిలో 16 మాత్రమే. పైగా ఆ రెండూ పీసీఐఈ (గ్రాఫిక్స్ కార్డు, ఎస్‌ఎస్‌డీ ప్రాసెసర్‌తో మాట్లాడే దారి) పాత తరం 3.0తో ఆగిపోతాయి. స్ట్రాటజీ ఆటలకు ఆ సగం క్యాష్ లోటు నేరుగా తగులుతుంది. అలాగే రైజెన్ 9 7950ఎక్స్3డిలో 16 కోర్లున్నా, అదనపు క్యాష్ వాటిలో ఎనిమిదింటికే. ఆట పొరపాటున రెండో ఎనిమిది కోర్ల వైపు వెళ్తే లాభం పోతుంది. వీడియో ఎడిటింగ్ లాంటి పని కూడా ఉంటే తప్ప దానికి డబ్బు పెట్టకండి, ఎనిమిది కోర్ల 7800ఎక్స్3డి చాలు. ఇంటెల్‌లో చివర ఎఫ్ అని ఉంటే అందులో గ్రాఫిక్స్ ఉండదు. విడి కార్డు పాడైన రోజున తెరమీద ఏమీ రాదు.

ఇంటెల్ 13, 14 తరాల గురించి ఒక మాట. వాటిలో ఎక్కువ శక్తి తీసుకునే రకాలకు వోల్టేజి సమస్య వల్ల ఆటలు మధ్యలో ఆగిపోవడం, కాలక్రమేణా ప్రాసెసరే దెబ్బతినడం జరిగింది. ఇంటెల్ 2024 ఆగస్టులో, సెప్టెంబరులో మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి సాఫ్ట్‌వేర్) సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. కొత్తది కొంటే మొదట బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డులోని సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి ఆ తర్వాతే ఆట మొదలుపెట్టండి. సెకండ్ హ్యాండ్‌లో మాత్రం ఆ తరాల కె రకాలను వదిలేయడమే మేలు. పాత వోల్టేజితో అది ఎన్నాళ్ళు నడిచిందో బయటినుంచి చూసి చెప్పలేం, అప్పటికే జరిగిన నష్టాన్ని సవరణ వెనక్కి తీసుకురాదు.

నా సలహా అడిగితే ఇలా ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువైతే రైజెన్ 5 5600 లేదా కోర్ ఐ5-12400, డీడీఆర్4 ర్యామ్‌తో. మధ్యరకం బడ్జెట్‌కి రైజెన్ 5 7600, ఏఎం5 (ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే సాకెట్ రకం) బోర్డు మీద. ఎందుకంటే రెండు మూడేళ్ళ తర్వాత అదే బోర్డులో ఎక్స్3డి రకం పెట్టుకోవచ్చు. డబ్బుకి ఇబ్బంది లేకపోతే 7800ఎక్స్3డి లేదా 9800ఎక్స్3డి. మీ చేతిలో ఇప్పటికే అంతకు ముందు తరం ఏఎం4 బోర్డు ఉంటే అసలు కొత్త యంత్రమే అక్కర్లేదేమో చూడండి. బయోస్ అప్‌డేట్ చేసి 5700ఎక్స్3డి లేదా 5800ఎక్స్3డి పెడితే చాలామందికి సరిపోతుంది.

ర్యామ్: ఎంత అన్నదానికంటే ఎలా పెట్టారన్నది ముఖ్యం

16 జీబీతో పై ఆటలన్నీ నడుస్తాయి. బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిచి, మోడ్లు (ఆటకి ఇతరులు చేసిన చేర్పులు) వేసుకుని ఆడేవాళ్ళకి 32 జీబీ ఉండాలి. సిటీస్: స్కైలైన్స్‌లో బోలెడు మోడ్లు వేస్తే తప్ప 64 జీబీతో పనిలేదు. సివిలైజేషన్ 5 లాంటి పాత 32-బిట్ ఆటలు అయితే 4 జీబీ మించి వాడుకోలేవు, మీరు ఎంత ర్యామ్ పెట్టినా సరే.

స్పీడు గురించి. డబ్బా మీద 6000 అని పెద్దక్షరాలతో ఉంటుంది, పక్కనే చిన్నగా సీఎల్30 అనో సీఎల్40 అనో ఉంటుంది. సీఎల్ సంఖ్యని 2000తో గుణించి స్పీడుతో భాగిస్తే ఎన్ని నానోసెకన్ల ఆలస్యమో వస్తుంది. 6000 సీఎల్30కి 10 నానోసెకన్లు. 5200 సీఎల్40కి 15.4. డీడీఆర్4లో 3200 సీఎల్16కి కూడా 10, అదే 3200 సీఎల్22 అయితే 13.75. సమాచారం చెల్లాచెదురుగా ఉండే ఆటలకు ఈ ఆలస్యం తక్కువ ఉండటమే ముఖ్యం. రైజెన్ 7000కి 6000 సీఎల్30, రైజెన్ 5000కి 3200 సీఎల్16 లేదా 3600 సీఎల్18 అడగండి. ఎక్స్3డి అయితే పెద్ద క్యాష్ ఈ తేడాని చాలావరకు కప్పేస్తుంది, అప్పుడు సీఎల్36 తీసుకున్నా బాధ లేదు.

ఒకే పెద్ద స్టిక్ కాకుండా రెండు స్టిక్కులు తీసుకోండి, 8+8 లేదా 16+16. ఒక్కటే పెడితే మెమరీ దారి సగమే తెరుచుకుంటుంది. నాలుగు స్లాట్లున్న బోర్డులో ఆ రెండూ సాధారణంగా ప్రాసెసర్ నుంచి లెక్కపెడితే రెండో స్లాటులో, నాలుగో స్లాటులో ఉండాలి, బోర్డు మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. పక్కపక్కన పెట్టేసి ఇచ్చిన యంత్రాలు చాలానే ఉంటాయి. యంత్రం ఆన్ అవుతుంది, ఏ తప్పూ చూపించదు, వేగం మాత్రం రాదు. నాలుగు స్లాట్లూ నింపాలన్న ఆలోచన ఏఎం5లో వద్దు. నాలుగు స్టిక్కులకి ఆ ప్రాసెసర్లకు అధికారికంగా చెప్పిన స్పీడు 3600కి పడిపోతుంది.

ఇక అందరూ మర్చిపోయే పని. ర్యామ్ కొన్న స్పీడుతో తనంతట తాను నడవదు. బయోస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో లేదా ఎక్స్ఎంపీ ప్రొఫైల్ ఆన్ చేయాలి. చేయకపోతే 6000 ర్యామ్ 4800 దగ్గరే ఉండిపోతుంది. ఆన్ చేశాక ఏఎం5 బోర్డు మొదటిసారి తెర నల్లగా పెట్టి చాలాసేపు ఉండిపోతుంది, కొన్నిసార్లు ఐదారు నిమిషాలు. పాడైందేమోనని కంగారుపడి కరెంటు తీసేయకండి, అది ర్యామ్‌ని పరీక్షించుకుంటోంది. విండోస్‌లోకి వచ్చాక టాస్క్ మేనేజర్, పెర్ఫార్మెన్స్, మెమరీలో స్పీడు చూడండి. అక్కడ 4800 కనిపిస్తే ప్రొఫైల్ ఆన్ కాలేదన్నమాట.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర తగ్గించండి, మరీ తగ్గించకండి

సివిలైజేషన్, స్టెల్లారిస్, క్రూసేడర్ కింగ్స్ 3, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కి 8 జీబీ ఉన్న మామూలు కార్డు సరిపోతుంది. రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 లేదా జీఫోర్స్ ఆర్‌టీఎక్స్ 4060 స్థాయి చాలు. మీ జాబితాలో తేడా తెచ్చేది టోటల్ వార్ ఒక్కటే. రెండు వైపులా ఇరవయ్యేసి దళాలు, ఒక్కో దళంలో వంద దాటి సైనికులు, ప్రతి ఒక్కడి కదలికా గీయాలి. అక్కడ గ్రాఫిక్స్ కార్డు కూడా చెమటోడుస్తుంది. అది మీకు ప్రధానమైతే, అందులోనూ 1440పీ మానిటర్ మీదైతే, ఒక మెట్టు పైకి వెళ్ళి ఆర్‌టీఎక్స్ 4070 లాంటిది తీసుకోవచ్చు. ఎప్పుడైనా సిటీస్: స్కైలైన్స్ 2 వైపు వెళ్ళే ఆలోచన ఉంటే మాత్రం నేను ఇప్పటిదాకా చెప్పిన లెక్క మారుతుంది. అది ఎక్కువ కోర్లని బాగా వాడుకుంటుంది, గ్రాఫిక్స్ కార్డునీ పిండేస్తుంది.

పిక్సెళ్ళ లెక్క చూస్తే కార్డు అవసరం సులువుగా తేలుతుంది. 1080పీలో దాదాపు 20.7 లక్షల పిక్సెళ్ళు, 1440పీలో 36.9 లక్షలు, 4కేలో 82.9 లక్షలు. ప్రాసెసర్ పని మాత్రం మూడింటిలోనూ ఒకటే.

చిన్న ఉచ్చులు రెండు. ఆర్‌ఎక్స్ 6600, ఆర్‌టీఎక్స్ 4060 రెండూ బోర్డుతో ఎనిమిది లేన్లతోనే మాట్లాడతాయి. పీసీఐఈ 3.0 ఉన్న పాత బోర్డులో కొంచెం నష్టం ఉంటుంది, భరించవచ్చు. 4 జీబీ, నాలుగే లేన్లు ఉన్న ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీని పాత బోర్డులో పెడితే నష్టం భరించలేనంత, దాన్ని తీసుకోకండి. ఆర్‌టీఎక్స్ 3050 పేరుతో 8 జీబీదీ, 6 జీబీదీ రెండు వేర్వేరు కార్డులున్నాయి. 6 జీబీది బలహీనమైనది, కానీ 70 వాట్లే తీసుకుంటుంది కాబట్టి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు. పాత ఆఫీసు డెస్క్‌టాప్ కొని ఆటలకు మార్చుకునేవాళ్ళకి అదే దారి, ఎందుకంటే ఆ డబ్బాల్లో ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే పెట్టె) చిన్నది, గ్రాఫిక్స్ కార్డుకి పవర్ కేబుళ్ళు తరచూ ఉండవు, ఎస్‌ఎంపీఎస్ మార్చాలన్నా చాలావాటిలో మామూలుది అమరదు.

మానిటర్

ప్రాసెసర్ తర్వాత నేను డబ్బు పెట్టమనేది దీనికే. ఈ ఆటల్లో మీరు గంటల తరబడి చేసేది చదవడమే. సన్నని అక్షరాల పట్టికలు, గుర్తులు, మ్యాప్ మీద చుక్కలు. 24 అంగుళాల 1080పీ మీద అంగుళానికి 92 పిక్సెళ్ళు, 27 అంగుళాల 1440పీ మీద 109. అదే 27 అంగుళాలు 1080పీ అయితే 82కి పడిపోతుంది, అక్షరాల అంచులు గరుగ్గా కనబడి కళ్ళు లాగుతాయి. ఆ కలయిక ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మీకు నా ఎంపిక 27 అంగుళాలు, 1440పీ, ఐపీఎస్ ప్యానెల్. 1080పీ కంటే మ్యాప్ కూడా ఎక్కువ కనిపిస్తుంది. 4కే తీసుకుంటే ఆటలో యూఐ స్కేలింగ్ (బటన్లు, అక్షరాల సైజు పెంచే సెట్టింగు) ఉందో లేదో ముందే చూడండి. పాత ఆటల్లో అది లేక బటన్లు ఆవగింజంత అవుతాయి.

రిఫ్రెష్ రేటు సివిలైజేషన్‌కి 60 హెర్ట్జ్ ఉన్నా చాలు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో మ్యాప్‌ని వేగంగా జరుపుతూ చిన్న యూనిట్లని పట్టుకోవాలి కాబట్టి 120, 144 ఉంటే చేతికి తెలుస్తుంది. కొన్నాక విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ సంఖ్యని మీరే ఎంచుకోవాలి, లేకపోతే 60 దగ్గరే ఉండిపోతుంది. కేబుల్‌ని గ్రాఫిక్స్ కార్డు వెనక ఉన్న పోర్టుకే పెట్టండి. మదర్‌బోర్డు పోర్టుకి పెడితే రైజెన్ 7000లో ఉన్న బుల్లి గ్రాఫిక్స్‌తో చిత్రం వచ్చేస్తుంది. కొత్త కార్డు పనిచేయడం లేదని వచ్చే ఫిర్యాదుల్లో ఇదీ ఒకటి. రెండు మానిటర్లు పెట్టుకుంటే ఇంకో చిక్కు: మ్యాప్ జరపడానికి మౌస్‌ని అంచుకి తోస్తే పాయింటర్ పక్క తెరకి జారిపోతుంది. ఆట సెట్టింగుల్లో పాయింటర్‌ని కిటికీలోనే బంధించే ఎంపిక ఉంటే పెట్టండి, లేకపోతే ఫుల్‌స్క్రీన్‌లో ఆడండి.

మిగతావి

ఎస్‌ఎస్‌డీ: 1 టీబీ ఎన్‌వీఎంఈ. టోటల్ వార్: వార్‌హామర్ 3 ఒక్కటే 120 జీబీ అడుగుతుంది. మరీ ఖరీదైన వేగాల కోసం పోవద్దు, ఆట తెరుచుకోవడంలో తేడా ఒకట్రెండు సెకన్లే.

ఎస్‌ఎంపీఎస్: రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు, ఆర్‌టీఎక్స్ 4060 115 వాట్లు, మిగతావన్నీ కలిపి 60 అనుకున్నా మొత్తం 300 లోపే. మంచి 550 వాట్లది చాలు. ఆర్‌టీఎక్స్ 4070 పెడితే 650. 80 ప్లస్ ముద్ర కరెంటు ఎంత ఆదా అవుతుందో చెబుతుంది, లోపలి భాగాల నాణ్యత గురించి కాదు. కాబట్టి మోడల్ పేరుతో విడిగా రివ్యూ చూడండి. మాడ్యులర్ (కేబుళ్ళు విడిగా ఊడదీయగలిగే) ఎస్‌ఎంపీఎస్ మారిస్తే పాత కేబుళ్ళు అలాగే వదిలేసి కొత్తది తగిలించకండి. ఎస్‌ఎంపీఎస్ వైపు పిన్నుల అమరిక కంపెనీ కంపెనీకీ, ఒక్కోసారి మోడల్‌కీ వేరు. ప్లగ్ సరిగ్గా పడుతుంది, వోల్టేజి తప్పు తీగలో వెళ్తుంది, ఎస్‌ఎస్‌డీ మాడిపోతుంది.

బోర్డుకి బీ650 లాంటి మధ్యరకం సరిపోతుంది. పాత స్టాకు బోర్డు అయితే బయోస్ తప్పకుండా అప్‌డేట్ చేయాలి. 2023లో కొన్ని ఏఎం5 బోర్డులు ఎక్కువ వోల్టేజి ఇచ్చి ఎక్స్3డి ప్రాసెసర్లను కాల్చేశాయి. ఆ తర్వాత ఏఎండీ ప్రాసెసర్‌లోని ఎస్‌ఓసీ అనే భాగానికిచ్చే వోల్టేజికి 1.3 వోల్టుల హద్దు పెట్టింది, అది కొత్త బయోస్‌లోనే ఉంటుంది. ప్రాసెసర్ బోర్డుకంటే కొత్తదైతే పాత బయోస్‌తో అసలు ఆన్ కాదు. అందుకని పెన్‌డ్రైవ్‌తో ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డు ఎంచుకోండి.

కూలర్‌కి 120 ఎంఎం ఫ్యాన్‌తో, నాలుగు నుంచి ఆరు హీట్‌పైపులున్న టవర్ రకం చాలు, నీళ్ళ కూలర్ అవసరం లేదు. క్యాబినెట్ ముందు రెండు ఫ్యాన్లు గాలి లోపలికి, వెనక ఒకటి బయటికి. ముందువైపు మూసేసిన అద్దం ఉన్న క్యాబినెట్ ఎంత అందంగా ఉన్నా వద్దు, జాలీ ఉన్నది తీసుకోండి. కూలర్ అడుగున ఉండే ప్లాస్టిక్ పొర తీసి బిగించారో లేదో అడిగి తెలుసుకోండి.

కీబోర్డు, మౌస్ విషయంలో పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌లో కంట్రోల్ పట్టుకుని 1, 2, 3తో దళాలు గుర్తుపెట్టుకుంటారు కాబట్టి అంకెల వరుస మామూలు సైజులో ఉండాలి. మౌస్‌కి పక్కన రెండు బటన్లుంటే దళాల్ని పిలవడానికి పనికొస్తాయి.

స్నేహితులతో ఆడేటప్పుడు

ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 లాంటి ఆటలు నెట్‌లో సైనికుల స్థానాలు పంపవు, ఆటగాళ్ళు ఇచ్చిన ఆదేశాలు మాత్రమే పంపుతాయి. ప్రతి కంప్యూటరూ ఆట మొత్తాన్ని తానే లెక్కగట్టుకుంటుంది, అన్నీ ఒకే అడుగులో నడవాలి. అంటే ఎనిమిది మందిలో ఒకరి ప్రాసెసర్ వెనకబడితే ఎనిమిది మందికీ ఆట నెమ్మదిస్తుంది. మీ కొత్త యంత్రం ఎంత మంచిదైనా, స్నేహితుడి పాత ల్యాప్‌టాప్ వేగమే మీ అందరి వేగం. అలాంటప్పుడు జనాభా పరిమితి 200 బదులు 100 పెట్టుకోవడం, మ్యాప్ సైజు తగ్గించడం ఒక్కటే మందు.

ఇప్పుడున్న యంత్రంలో లోపం ఎక్కడుందో తేల్చడం

డబ్బు పెట్టేముందు ఇది తప్పకుండా చేయండి. మీ దగ్గరున్న బాగా ముదిరిన సేవ్ (ఆట చాలా ముందుకెళ్ళాక భద్రపరచిన ఫైలు) ఒకటి తెరవండి. టాస్క్ మేనేజర్‌లో ప్రాసెసర్ వాడకం 15 శాతమే చూపిస్తోంది కదా, దానికి ఇంకా ఓపిక ఉందని అనుకోవద్దు. ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు (ఒక్కో కోర్ ఒకేసారి నడిపే రెండేసి పనుల వరుసలు) ఉన్న ప్రాసెసర్‌లో ఒక్క థ్రెడ్ పూర్తిగా నిండిపోతే మొత్తం మీద కనబడేది 6.25 శాతమే. ఆ ఒక్కటే మీ ఆటని పట్టి లాగుతూ ఉండొచ్చు. గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్లని విడివిడిగా చూడండి.

తర్వాత ఆటలో రిజల్యూషన్‌ని 1080పీ నుంచి 720పీకి దించండి. తేదీ పరుగెత్తే వేగంలో ఏ మార్పూ లేకపోతే గ్రాఫిక్స్ కార్డు మార్చడం దండగ. టోటల్ వార్ యుద్ధంలో ఫ్రేములు బాగా పెరిగితే మాత్రం కార్డే అడ్డు.

డబ్బు అవసరంలేని మందులు కొన్ని ఉన్నాయి. సివిలైజేషన్ 6లో క్విక్ మూవ్‌మెంట్, క్విక్ కంబాట్ ఆన్ చేస్తే టర్నుల మధ్య ఎదురుచూపు బాగా తగ్గుతుంది, అందులో చాలాభాగం యానిమేషన్లే. హ్యూజ్ మ్యాప్, 12 మంది బదులు స్టాండర్డ్, 8 మందితో ఆడండి. స్టెల్లారిస్‌లో 1000 నక్షత్రాల గెలాక్సీ బదులు 400 లేదా 600, నివాసయోగ్య గ్రహాల స్లైడర్ సగానికి. లెక్కలు మొదట్లోనే తగ్గితే చివరి దశ అంత బరువెక్కదు.

డబ్బా ఇంటికొచ్చాక

వాపసు ఇచ్చే గడువు ఉండగానే పరీక్షించండి. మెమ్‌టెస్ట్86ని పెన్‌డ్రైవ్‌లో వేసి నాలుగు విడతలు రాత్రంతా నడపండి. ఒక్క ఎర్ర గీత వచ్చినా ర్యామ్ మార్చమని అడగాల్సిందే. ముందు ఎక్స్‌పో ఆపి ఇంకోసారి చూడండి, అప్పుడు తప్పులు రాకపోతే ఆ ర్యామ్ చెప్పిన స్పీడుకి నిలబడటం లేదన్నమాట. ర్యామ్ తప్పులు ఆటలో వెంటనే కనబడవు, నలభై గంటలు ఆడిన సేవ్ ఒకరోజు తెరుచుకోదు. ఐరన్‌మ్యాన్ పద్ధతిలో ఆడితే ఒకే సేవ్ ఫైలు ఉంటుంది కాబట్టి అది పోతే అంతే సంగతులు. కరెంటు పోయే చోట యూపీఎస్ కూడా పెట్టమనేది ఇందుకే, సేవ్ రాస్తుండగా ఆగిపోతే ఫైలు సగంలో తెగుతుంది.

ఆ తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫో (భాగాల వేడి, వేగం చూపించే సాఫ్ట్‌వేర్) తెరిచి ఉంచి ఒక గంట ఆడండి. 7800ఎక్స్3డి వేడి హద్దు 89 డిగ్రీలు. ఆటలో 80 దాటి నిలబడితే కూలర్ బిగింపు చూడాలి. ఎక్కువగా ఒక మూల స్క్రూ వదులుగా ఉంటుంది, లేదా థర్మల్ పేస్ట్ అన్నివైపులా పరుచుకుని ఉండదు.

చివరగా వేగం కొలవండి. స్టెల్లారిస్‌లో పాత సేవ్ తెరిచి, మ్యాప్‌ని ఒకేచోట ఉంచి, అత్యంత వేగంలో పెట్టి, ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఒక ఏడాదికి ఎంత పడుతుందో చూడండి. ఆటలో ఏడాది అంటే 360 రోజులు. మూడుసార్లు చేసి మధ్య సంఖ్య తీసుకోండి. సివిలైజేషన్ 6లో అయితే మెనూలో ఏఐ బెంచ్‌మార్క్ ఉంది, సగటు టర్న్ సమయం అదే చెబుతుంది. ఇదే కొలత పాత యంత్రంలో కూడా ముందే తీసి పెట్టుకుంటే పెట్టిన డబ్బుకి ఎంత దక్కిందో అక్కడే తేలిపోతుంది. ఆ కాగితం మీద ఆట వెర్షన్ సంఖ్య కూడా రాయండి. పెద్ద ప్యాచ్ వచ్చిందంటే లెక్కల పద్ధతే మారిపోవచ్చు, అప్పుడు పాత అంకెతో పోలిక కుదరదు. స్టీమ్‌లో స్టెల్లారిస్ ప్రాపర్టీస్, బీటాస్ కింద పాత వెర్షన్లు దొరుకుతాయి, దానికి వెనక్కి మార్చి కొలిస్తే నెమ్మదించింది యంత్రమా, ఆటా అన్నది తెలుస్తుంది.